అటక మీది ఆట ఇటుకలు



పిల్లలున్న ఇల్లయితే మీ అటక మీద కూడా ఒక సంచి ఉండి తీరుతుంది. అందులో ప్లాస్టిక్ ఇటుకలుంటాయి. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ, తెలుపు, నలుపు. ఒకదాని మీద ఒకటి పెట్టి నొక్కితే టక్కుమని అతుక్కునే ఆట ఇటుకలు. పుట్టినరోజుకి ఎవరో తెచ్చినవి కొన్ని, నుమాయిష్‌లో మారాం చేసి కొనిపించుకున్నవి కొన్ని. వాటితో పిల్లలు కొన్నాళ్ళు ఇళ్ళు కట్టారు, లారీలు కట్టారు, చీకట్లో మన అరికాళ్ళ కిందికి ముళ్ళలా పరిచారు. ఆ తరవాత అవి సంచిలోకీ, సంచి అటక మీదికీ చేరాయి. పారెయ్యడానికి మనకి మనసొప్పదు. ఎవరికైనా ఇచ్చేద్దామంటే పిల్లలు ఒప్పుకోరు.

ఆ సంచిని కిందికి దింపి, అందులోని ఇటుకలతో ఆటగాళ్ళ బొమ్మలు ఎలా కూర్చుకోవచ్చో ఇవాళ మీతో ముచ్చటిస్తాను. రంగు రాతిముక్కలు ఒక్కొక్కటే పేర్చి బొమ్మ తేవడాన్ని మొజాయిక్ పని అంటారు కదా, ఇదీ అలాంటిదే. రాతిముక్కకి బదులు ఆట ఇటుక, అంతే తేడా.

ఇదేదో కొత్త విద్య కాబోలని బెదిరిపోకండి. మనం మేటీ గుడ్డ మీద గళ్ళు లెక్కపెట్టి చిలకల్నీ హంసల్నీ కుట్టినవాళ్ళం. వాకిట్లో పదిహేను చుక్కలు పెట్టి, ఎదురు చుక్కలో, సందు చుక్కలో లెక్క తప్పకుండా పద్మాలు తిప్పినవాళ్ళం. ఈ ఇటుకల పని కూడా గళ్ళ లెక్కే. లెక్క మనకి రాదా ఏమిటి?

ముందుగా ఈ ఇటుక సంగతి రెండు ముక్కలు చెబుతాను. డెన్మార్క్ దేశంలో బిలుండ్ అనే చిన్న ఊళ్ళో ఓలే కిర్క్ క్రిస్టియన్సెన్ అనే వడ్రంగి 1932లో కొయ్యబొమ్మలు చెయ్యడం మొదలుపెట్టాడు. 'బాగా ఆడుకో' అనే అర్థం వచ్చే రెండు డేనిష్ మాటలు కలిపి తన బొమ్మలకి 'లెగో' అని పేరు పెట్టుకున్నాడు. ఇప్పుడు మనం చూసే ఇటుకకి పేటెంటు తీసుకున్నది 1958లో. దీని పైన బుడిపెలుంటాయి. ఒక బుడిపె నడిమి నుంచి పక్క బుడిపె నడిమికి 8 మిల్లీమీటర్లు. ఇటుక ఎత్తు 9.6 మిల్లీమీటర్లు. ఈ రెండు అంకెలూ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. వీటిని పట్టించుకోక నేను ఎలా నవ్వులపాలయ్యానో తరవాత చెబుతాను.

మేముండేది అబిడ్స్‌లో, చిరాగ్ అలీ లేన్ దగ్గర. ఆ వేసవికి మా అమ్మాయి తొమ్మిదో తరగతి పూర్తిచేసి పదిలోకి వచ్చింది. అబ్బాయి ఏడో తరగతి. అమ్మాయి నాలుగేళ్ళుగా రోజూ పొద్దున్నే బ్యాడ్మింటన్‌కి వెళ్ళేది. పదో తరగతి కదా, ఇక చాలని నేనే మాన్పించాను. ఎదురు చెబుతుందనుకున్నాను, చెప్పలేదు. బ్యాటుని దాని సంచిలో పెట్టి బీరువా పక్కన నిలబెట్టి ఊరుకుంది. ఎండలకి బయటికి పోలేక పిల్లలిద్దరూ రోజంతా పోట్లాడుకుంటూంటే, ఆ పోరు పడలేక ఒక మధ్యాహ్నం అటక మీది సంచి దింపించాను. అలా మొదలైంది ఈ పని.

మొట్టమొదట కావలసింది బొమ్మ. అబిడ్స్‌లో ఆదివారం నాడు దుకాణాలు మూసి ఉంటే, వాటి ముందు పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు పరుస్తారని మీలో చాలామందికి తెలుసు. పిల్లల్ని వెంటబెట్టుకుని పెందరాళే వెళ్ళి, పాత క్రీడల పత్రికలు నాలుగు ఏరుకొచ్చాం. ఫోన్‌లో వెయ్యి ఫోటోలు దొరుకుతాయి, కాదనను. కాని కాగితం మీది బొమ్మయితే పైన గళ్ళు గీసుకోవచ్చు, మధ్యలో పెట్టుకుని ముగ్గురూ చూడవచ్చు.

మావాడు విరాట్ కోహ్లీ ముఖం కావాలన్నాడు. సరేనని గళ్ళ కాగితం మీద వేసి చూశాం. రెండు నల్ల గళ్ళు కళ్ళు, కింద ఒక నల్ల పట్టీ గడ్డం. చూస్తే మా పాలవాడిలా ఉన్నాడు. తప్పు మాది కాదు. ముఖం పోలిక రావాలంటే గళ్ళు వేలల్లో కావాలి. లెగో కంపెనీ 2020లో గోడకి తగిలించే ముఖచిత్రాల సెట్లు తెచ్చింది. వాటిలో వరసకి 48 చొప్పున 48 వరసలు, అంటే 2304 ముక్కలుంటాయి. మన సంచిలో అన్ని ఎక్కడివి?

అప్పుడు నాకు ఒకటి తట్టింది. వీధి చివర్నుంచి వచ్చే చుట్టాన్ని మనం ముఖం కనిపించక ముందే పోల్చుకుంటాం. నడకని బట్టి, చెయ్యి ఊపే తీరుని బట్టి. ఆటగాళ్ళూ అంతే. కాబట్టి తక్కువ ఇటుకలతో చేసేటప్పుడు ముఖం జోలికి పోవద్దు, భంగిమని పట్టుకోండి. ఒక్కరే ఉన్న ఫోటో తీసుకోండి. చేతులూ కాళ్ళూ ఒంటికి అంటుకోకుండా విడివిడిగా కనిపించాలి. వెనక జనం, ప్రకటనల బోర్డులు, అడ్డంగా ఉన్న వల, అన్నీ కొట్టెయ్యండి. బొమ్మలో ఏం పెట్టాలన్న దానికన్నా ఏం తీసెయ్యాలన్నది చూసుకోవడమే ఈ పనిలో సగం.

అలా వెతగ్గా వెతగ్గా మా అమ్మాయి ఒక పేజీ తీసి నా ముందు పెట్టింది. పి.వి. సింధు గాల్లోకి ఎగిరి, బ్యాటు పైకెత్తి స్మాష్ కొట్టబోతున్న ఫోటో. "ఇదయితే ముఖం అక్కర్లేదమ్మా" అంది. తమ్ముడు కాస్సేపు గునిసి, నేల రంగూ వెనక రంగూ తనే నిర్ణయిస్తానన్న షరతు మీద ఒప్పుకున్నాడు.

ఇక కూర్చే పద్ధతులు రెండున్నాయి. మొదటిది పలక పద్ధతి. వెడల్పాటి పలక మీద ఒంటి బుడిపె చిన్న ముక్కల్ని, బుడిపెలు మనవైపు ఉండేలా, గడికొకటి చొప్పున పొదుగుతారు. బొమ్మ నాజూకుగా వస్తుంది. కాని ఆ ముక్కలు విడిగా వందలకొద్దీ కొనాలి. రెండోది గోడ పద్ధతి. తాపీమేస్త్రి గోడ కట్టినట్టు కింది నుంచి వరస మీద వరస పేర్చుకుంటూ పోతాం. ఇటుకల పక్కలే బొమ్మగా కనిపిస్తాయి. దీనికి ఇళ్ళల్లో ఉండే మామూలు ఇటుకలు చాలు. ఎనిమిది బుడిపెల ఇటుక పొడుగువైపు నాలుగు గళ్ళు, నాలుగు బుడిపెల ఇటుక రెండు గళ్ళు. మేం గోడ పద్ధతే పట్టాం.

ఇప్పుడు నా నవ్వులాట సంగతి. పిల్లల లెక్కల నోటుపుస్తకంలో చదరపు గళ్ళ మీద అడ్డం 36, నిలువు 36 గళ్ళు తీసుకుని బొమ్మ వేశాను. ఎంతో ముచ్చటగా వచ్చింది. దాన్ని చూసి ఇటుకలు పేర్చడం మొదలుపెట్టాం. నడుము దాకా వచ్చేసరికి మా అత్తగారు కళ్ళజోడు సవరించుకుని, "ఏమే, ఈ పిల్ల కాళ్ళేమిటే కొబ్బరిచెట్టులా లేచిపోతున్నాయి?" అన్నారు. సింధు అయిదడుగుల పది అంగుళాల మనిషి, పొడుగే, నిజమే. కాని మా సింధు అంతకన్నా ఎదిగిపోతోంది! స్కేలు తెచ్చి కొలిస్తే తేలింది. గడి వెడల్పు 8 మిల్లీమీటర్లు, ఎత్తు 9.6. నా కాగితం మీది గడి చదరం, ఇటుక గడి నిలువు. 36 గళ్ళ వెడల్పు 288 మిల్లీమీటర్లయితే, 36 వరసల ఎత్తు 345 దాటిపోతుంది.

దీనికి విరుగుడు సులువే. 36 గళ్ళ వెడల్పుకి 30 వరసల ఎత్తు పెట్టుకుంటే రెండువైపులా సరిగ్గా 288 మిల్లీమీటర్లు వస్తుంది. తెల్లకాగితం మీద మీరే 5 మిల్లీమీటర్ల వెడల్పు, 6 మిల్లీమీటర్ల ఎత్తు ఉండేలా గళ్ళు గీసుకోండి. ఆ గళ్ళ మీద బొమ్మ ఎలా కనిపిస్తే ఇటుకల్లోనూ అలాగే వస్తుంది. నేను చేసినట్టు చేసి, సగం గోడ విప్పుకోకండి. ఇంకో చిన్న మాట మా అత్తగారు చెప్పిందే. సరి చుక్కల ముగ్గుకి నడిమి చుక్క ఉండదు. అలాగే వరసకి 36 గళ్ళున్న బొమ్మకి నడిమి గడి ఉండదు. మూడు క్రికెట్ వికెట్లలాంటిది సరిగ్గా మధ్యకి రావాలంటే బేసి గళ్ళు పెట్టుకోవాలి.

తరవాత రంగులు. కుంచెతో వేసే వాళ్ళకి వంద రంగులు, మనకి ఆరు. ఫోటోలో ఉన్న రంగే రావాలని పట్టుబట్టకండి. ముదురు పక్కన లేత, లేత పక్కన ముదురు ఉంటే చాలు. మావాడు వెనక రంగు నీలం అన్నాడు. పేర్చి చూస్తే నల్ల జుట్టు నీలంలో కలిసిపోయి, సింధుకి తల సగమే మిగిలింది. వెనకంతా తెలుపు చేసి, చొక్కా ఎరుపు, ఒంటికి పసుపు, జుట్టుకీ బ్యాటుకీ నలుపు, నేలకి ఆకుపచ్చ పెట్టాం. మరి తెల్ల షటిల్ తెల్ల గోడలో కనిపించదే! అంటే మా అమ్మాయి, "నైలాన్ షటిల్ పసుపుపచ్చగా ఉంటుందమ్మా" అంది. పెద్ద పోటీల్లో ఈకల షటిలే వాడతారట, అయినా బొమ్మకి ఆ మాత్రం చెల్లుతుందని ఒప్పుకుంది. రంగులు కుదిరాయో లేదో తెలుసుకోవడానికి గదికి ఆ చివర నిలబడి కళ్ళు సగం మూసి చూడండి. అలా కూడా మనిషి ఆకారం విడిగా తెలిస్తే కుదిరినట్టే.

కాగితం మీద రంగులు దిద్దాక, ఏ రంగు గళ్ళు ఎన్నో వరసవారీగా లెక్క రాసుకోండి. మా బొమ్మలో నేల నాలుగు వరసలు, అంటే 144 గళ్ళు. ఎనిమిది బుడిపెల ఆకుపచ్చ ఇటుకలు 36 అన్నమాట. అన్ని రంగులకీ ఇలా లెక్క తేలాక చూస్తే మాకు తెలుపు బాగా తక్కువైంది, నీలం మిగిలిపోయింది. పై అంతస్తులో వాళ్ళ అటక మీదా ఒక సంచి ఉంది. నీలం ఇచ్చి తెలుపు పుచ్చుకున్నాం. ఇరుగుపొరుగు పప్పూ ఉప్పూ బదులిచ్చుకున్నట్టు ఇటుకలూ ఇచ్చుకోవచ్చు.

కొనక తప్పకపోతే చూసి కొనండి. నుమాయిష్ 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946 నుంచి నాంపల్లిలో ఇప్పుడున్న చోట జరుగుతోంది. కొత్త సంవత్సరంతో మొదలయ్యే ఆ నలభై అయిదు రోజుల్లో బొమ్మల దుకాణాలకి లోటుండదు. ఒక ఏడు అక్కడ ఒక దుకాణంలో చవగ్గా వచ్చాయని రెండు డబ్బాలు తెచ్చాను. అవి మా పాత ఇటుకలకి పట్టవు, పట్టినా నిలవవు. అంచేత ఇంట్లోది ఒక ఇటుక చేతిసంచిలో వేసుకుని వెళ్ళి, అక్కడే నొక్కి చూసి మరీ కొనండి. మన దేశంలో బొమ్మలకి ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి చేసిన నిబంధన 2021 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. డబ్బా మీద ఆ గుర్తు ఉందో లేదో చూడండి. మూడేళ్ళ లోపు పిల్లలున్న ఇంట్లో చిన్న ముక్కలు వాళ్ళకి అందనివ్వకండి, నోట్లో పెట్టుకుంటారు.

పాత ఇటుకలయితే గోరువెచ్చని నీళ్ళలో కాస్త సబ్బుపొడి వేసి కడగండి. మరిగే నీళ్ళు పొయ్యకండి, వంకరపోతాయి. కడిగినవి నీడనే ఆరబెట్టండి. ఎండ తగిలితే తెల్లవి పచ్చబడతాయి.

పేర్చేటప్పుడు రంగుకొక గిన్నె పెట్టుకోండి. మేస్త్రీలు చెబుతారే, జాయింటు మీద జాయింటు రాకూడదని, అది ఇక్కడా వర్తిస్తుంది. మొదటి వరసలో పెద్ద ఇటుకలు తొమ్మిది పెడితే 36 గళ్ళు. రెండో వరస రెండు గళ్ళ ఇటుకతో మొదలుపెట్టి, ఎనిమిది పెద్దవి పేర్చి, మళ్ళీ రెండు గళ్ళ దానితో ముగించాలి. అప్పుడు గోడ విడిపోదు. బొమ్మ అంచుల్ని కూడా వీలున్నంత వరకు రెండేసి గళ్ళ చొప్పునే మెట్లుమెట్లుగా దింపండి. బ్యాటు కర్రలాంటి సన్నగీత కావాలంటే, ఒక బుడిపె వెడల్పూ రెండు బుడిపెల పొడుగూ ఉన్న ముక్కని కొస మనవైపు వచ్చేలా తిప్పి పెట్టండి. ఒక్క గడే కనిపిస్తుంది. వెనకవైపు రెండు చోట్ల నాలుగేసి ఇటుకల మందాన ఊతం కట్టండి. లేకపోతే ఫ్యాను గాలికే పడిపోతుంది. జిగురు మాత్రం పెట్టకండి. రేపు పిల్లలు ఇంకో బొమ్మ చేస్తామంటే ఇవే ఇటుకలు మళ్ళీ పనికిరావాలి.

ఆ జిగురు పెట్టకపోవడం మాకు వెంటనే కలిసొచ్చింది. గోడ కింది నుంచి లేస్తుంది కాబట్టి కాళ్ళు ముందు వస్తాయి, బ్యాటు చిట్టచివర. భుజాలు దాటి చెయ్యి పూర్తయ్యాక చూస్తే ఏదో లోపం. ఫోటో చూస్తే సరిగ్గానే ఉంది, గళ్ళ లెక్కా సరిపోయింది. మా అమ్మాయి కాస్సేపు చూసి, "మోచెయ్యి అక్కడ ఉండదమ్మా. ఇంకా పైకి రావాలి" అంది. నాకర్థం కాలేదు. వంటింట్లోకి వెళ్ళి అప్పడాల కర్ర తెచ్చి, హాలు మధ్యలో నిలబడి, ఒక్క ఎగురు ఎగిరి చూపించింది. మోచెయ్యి భుజం కన్నా ఎంత పైకి పోయిందో, రెండో చెయ్యి గాల్లో ఎలా నిలిచిందో అప్పుడు చూశాను. నాలుగేళ్ళు ఆ పిల్ల ఆడుతూంటే నేను ఒక్కనాడూ కోర్టు లోపలికి వెళ్ళి చూడలేదు. గేటు దగ్గర దింపడం, గేటు దగ్గర ఎక్కించుకోవడం, అంతే.

మూడు వరసలు విప్పి మోచేతిని రెండు గళ్ళు పైకి జరిపాం. బొమ్మ లేచి నిలబడింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా ఇంటి నుంచి లాల్ బహదూర్ స్టేడియం నడిచివెళ్ళేంత దూరం. పెద్దవాళ్ళు ఇంకా ఫతే మైదాన్ అనే అంటారు. 1955లో న్యూజిలాండ్ మీద పాలీ ఉమ్రిగర్ 223 పరుగులు తీసింది అక్కడే. టెస్టుల్లో మనవాళ్ళ మొట్టమొదటి డబుల్ సెంచరీ అది. మా మామగారు ఆ మాట చెప్పని పండగ లేదు. 1978 జనవరిలో మహిళల ప్రపంచకప్పు ఎవరిదో తేల్చిన ఆస్ట్రేలియా, ఇంగ్లండ్ మ్యాచి జరిగిందీ అక్కడే. ఆస్ట్రేలియా అమ్మాయిలు గెలిచారు. ఆ మాట మాత్రం మా ఇంట్లో ఎవరూ చెప్పగా నేను వినలేదు. లండన్ ఒలింపిక్స్‌లో 2012లో కంచు పతకం తెచ్చిన సైనా నెహ్వాల్ చిన్నతనంలో బ్యాడ్మింటన్ నేర్చుకోవడం మొదలుపెట్టింది ఆ స్టేడియంలోనే. తండ్రి తెల్లవారకుండానే స్కూటరు మీద తీసుకొస్తే, దారిలో పిల్ల నిద్రతో తూలి పడిపోతుందేమోనని తల్లి వెనక కూర్చుని పట్టుకునేదని పత్రికల్లో చదివాం. ఆ తల్లి వెనక కూర్చుంది. నేను గేటు దగ్గరే ఆగిపోయాను.

ఆడపిల్లల ఆట మొజాయిక్‌కి ఎక్కడం కూడా నిన్నా మొన్నటిది కాదు. ఇటలీలో సిసిలీ దీవి మీద పియాజ్జా అర్మెరీనా అనే ఊరి దగ్గర నాలుగో శతాబ్దం నాటి రోమన్ భవనం ఒకటుంది. అందులో ఒక గది నేల నిండా ఆటలాడే అమ్మాయిల బొమ్మలే, చిన్న చిన్న రాతిముక్కలతో పొదిగినవి. ఒకతె పరిగెడుతోంది, ఒకతె చక్రం విసరబోతోంది, ఇద్దరు బంతి ఆడుతున్నారు, గెలిచిన అమ్మాయి కిరీటం అందుకుంటోంది. పదహారు వందల ఏళ్ళ కిందట ఎవరో కూర్చుని, ఆ పిల్లల చేతులు ఎలా లేస్తాయో చూసి, ముక్క ముక్కా ఏరి పెట్టారు.

మర్నాడు పొద్దున్న మా అమ్మాయితో అన్నాను, "వారానికి మూడు రోజులు వెళ్ళు. మిగతా రోజులు చదువుకో" అని. అది నా ముఖం చూసి, "నువ్వూ లోపలికొస్తావా?" అని అడిగింది. వెళ్ళాను. పరీక్షల్లో నాలుగు మార్కులు తగ్గుతాయేమో, ఆ భయం నాకు లేకపోలేదు. కాని బీరువా పక్కన సంచిలో నిలబడ్డ ఆ బ్యాటుని రోజూ చూడవలసి రావడం అంతకన్నా కష్టమని తెలిసింది.

దసరాకి బొమ్మల కొలువు పెట్టినప్పుడు మా అత్తగారే ఆ సింధుని తీసుకెళ్ళి మూడో మెట్టు మీద, ఏటికొప్పాక లక్కబొమ్మల పక్కన నిలబెట్టారు. ఏటా కొత్తబొమ్మ ఒకటి చేరాలిగా, ఈ ఏటికిదే అన్నారు. పేరంటానికి వచ్చినవాళ్ళు దూరం నుంచి చూసి, "సింధు కదూ!" అన్నారు. ముఖం లేని బొమ్మని పేరుతో పిలిచారు. మా వాడు మాత్రం వచ్చిన వాళ్ళందరికీ, "నేల నేను వేశాను" అని చెప్పుకున్నాడు.

మీరూ ఒకసారి ఆ సంచి దింపించండి. మీ ఇంట్లో కబడ్డీ ఆడే పిల్లాడున్నాడో, కుస్తీ అంటే ప్రాణం పెట్టే తాతగారున్నారో, పరుగులో బహుమతి తెచ్చుకున్న మీరే ఉన్నారో. అలాంటివాళ్ళ పాత ఫోటో ఒకటి వెతికి, గళ్ళు గీసుకుని మొదలుపెట్టండి. చెయ్యి ఎక్కడ లేచిందో, కాలు ఎక్కడ ఆనిందో దగ్గరగా చూడండి. ఆడినవాళ్ళు పక్కనే ఉంటే వాళ్ళనే అడగండి. సంతోషంగా లేచి చూపిస్తారు.